అత్తగారు చాయ్ వద్దన్న పూట

మొన్న లిఫ్టులో పై అంతస్తు ఆయన కలిశాడు. పటమటలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఎంత నిదానమంటే, కింద ఎక్కినవాళ్ళు పైన దిగేలోపు ఒక కుటుంబ సమస్యని పూర్తిగా చర్చించి, ఒక నిర్ణయానికి కూడా రావచ్చు. ఈ వేసవికి వాళ్ళు వియత్నాం వెళ్తున్నారట. విజయవాడలో ఇప్పుడు వియత్నాం వెళ్ళనివాళ్ళే కాస్త సంజాయిషీ చెప్పుకోవలసిన పరిస్థితి. "మీరు వెళ్ళొచ్చారటగా. ఆ డెల్టా ట్రిప్పు ఒక రోజు పెట్టుకున్నామండీ. మా ఆవిడ ప్యూర్ వెజ్. అక్కడ వెజ్ దొరుకుతుందంటారా?" అని అడిగాడు. "దొరుకుతుందండీ, మనం వద్దనకపోతే" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, తన అంతస్తు రాకుండానే దిగిపోయాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. అదే చూపుతో ఒకావిడ ఒక రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక నదిని, నదిలోని పడవల్ని, పడవల్లోని మనుషుల్ని, ఆ మనుషులు పెట్టిన తిండినీ చూస్తుంటే పక్కన కూర్చున్నవాణ్ణి నేను. ఆవిడ మా అత్తగారు.

అత్తగారిది మంగళగిరిలో చేనేత బట్టల కొట్టు. న్యాయంగా మామగారిది అనాలి, బోర్డు మీద ఉన్నది ఆయన పేరే. అయితే గల్లాపెట్టె దగ్గర ఆయన కూర్చుంటే, సరుకు దగ్గర ఈవిడ కూర్చుంటుంది. మగ్గం దిగొచ్చిన చీర ఏదైనా సరే, దాని అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసిగానీ లోపలికి రానివ్వదు. అనుమానం ఆవిడ స్వభావం కాదు, వృత్తి. నేతగాడు నవ్వుతూ వస్తే పోగులు తగ్గాయని, నవ్వకుండా వస్తే రంగు దిగుతుందని ఆవిడ లెక్క. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా అలాగే చూసిందని, వేళ్ళతో నలపడమొక్కటే తక్కువైందని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. నాకేం బాధ లేదు. సరుకు తీసుకున్నారు, అంతకంటే ఏం కావాలి.

వియత్నాం ప్రయాణానికి కొన్ని నెలల ముందు మామగారికి గుండెలో స్టెంటు వేశారు. విజయవాడ ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని మా అత్తగారు మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకుంది. ఆయన లేచి తిరిగితే ఏడాది పాటు తను నీచు ముట్టదు. చేప, మాంసం, గుడ్డు ఏదీ. వినడానికి చిన్న మొక్కులాగే ఉంటుంది. కానీ ఈవిడ బొమ్మిడాయిల పులుసు కోసం కంకిపాడు నుంచి ఇబ్రహీంపట్నం దాకా బంధువులు ఏదో ఒక వంక పెట్టుకుని మంగళగిరి వచ్చేవాళ్ళు. వంటలో మనసంతా చేపలోనే పెట్టుకున్న మనిషి. మామగారు లేచి తిరిగారు. తిరుగుతూనే ఉన్నారు. ఆయన గుండెలో రెండు స్టెంట్లున్నాయని ఆవిడ నమ్మకం. ఒకటి డాక్టరు వేసింది, రెండోది తను వేసింది. డాక్టరు వేసినదాని మీద ఆవిడకి అనుమానాలున్నాయి. రెండోదాని మీద లేవు. ఏడాది నిండేదాకా తను నీచు ముట్టకుండా ఉంటే చాలు, ఆయనకేమీ కాదు. ముట్టుకుంటే ఏమవుతుందో ఆవిడ ఎప్పుడూ పైకి అనలేదు. అందుకే మాకందరికీ బాగా తెలుసు.

ఆ మొక్కు మరో రెండు నెలల్లో తీరుతుందనగా మా ఆవిడ, ఆసుపత్రిలో తల్లి పడిన శ్రమకి కాస్త గాలిమార్పు ఉండాలని టిక్కెట్లు తీసేసింది. మామగారు కొట్టు వదిలి రానన్నారు. "మీరు వెళ్ళి రండి. నేను హాయిగా ఉంటాను" అన్నారు. ఆ 'హాయిగా' అన్న మాట దగ్గర అత్తగారు ఆగి, ఆయనకేసి ఒక నిమిషం చూసింది. చీర అంచయితే నలిపి చూసేదే.

సైగాన్‌లో పొద్దున్నే బస్సెక్కించి, నది ఒడ్డున దించి, ఒక పెద్ద చెక్క పడవలోకి మార్చారు. గైడు ఒక అమ్మాయి. చలాకీగా ఉంది. ఎక్కేటప్పుడు మమ్మల్ని లెక్కపెట్టింది, ఎక్కాక మళ్ళీ లెక్కపెట్టింది. "ఎందుకే అన్నిసార్లు లెక్క? ఎవరినైనా వదిలేసే అలవాటుందేమో కనుక్కో" అంది అత్తగారు మా ఆవిడతో. అక్కడ పడవల ముక్కుకి రెండు వైపులా పెద్ద పెద్ద కళ్ళు వేసి ఉంటాయి. నీళ్ళలో ఉండే దుష్టశక్తుల్ని భయపెట్టడానికట. ఆ కళ్ళు అత్తగారికేసి, అత్తగారు ఆ కళ్ళకేసి కాసేపు చూసుకున్నారు. ముందుగా ఎవరు చూపు తిప్పుకున్నారో నేను చెప్పను.

పడవ కదిలాక ఆవిడకి అసలు అనుమానం మొదలైంది. బురద రంగు నీళ్ళు, ఒడ్డుకి ఆనుకుని కొబ్బరి చెట్లు, అరటి తోటలు, వాటి వెనక వరి. నీళ్ళ మీద గుర్రపుడెక్క తేలి వస్తోంది, ఊదారంగు పూలతో సహా. నది మధ్యలో లంకలు. గైడమ్మాయి వాటికేవో పవిత్రమైన జంతువుల పేర్లు చెబుతోంది. అత్తగారు అవేమీ వినకుండా, "అల్లుడుగారూ, అంతసేపు విమానంలో కూర్చోబెట్టి, రాత్రంతా తిప్పి, తీసుకొచ్చి మళ్ళీ అవనిగడ్డలో దించలేదు కదా?" అంది. "పాస్‌పోర్టు మీద ముద్ర వేశారండీ" అన్నాను. "ముద్రదేముంది. ముద్ర ఎవడైనా వేస్తాడు" అంది ఆవిడ. సిల్కు మార్కు వేసిన నకిలీ పట్టు ఎంత చూసిందో పాపం. గుర్రపుడెక్క కాడలు ఎండబెట్టి అల్లిన బుట్టలు చూపించినప్పుడు మాత్రం కాస్త కదిలింది. "మన రైవస్ కాలువలో దీన్ని తీయించలేక చస్తున్నాం. వీళ్ళు అమ్ముకుంటున్నారే!" అని ఒక బుట్టని చేతిలోకి తీసుకుని, అడుగు తిప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేసింది. తడిస్తే మళ్ళీ మొలకెత్తుతుందేమోనని.

మొదటి లంకలో తేనె టీ ఇచ్చారు. చిన్న చిన్న గాజు గ్లాసుల్లో వేడినీళ్ళు, తేనె, ఉసిరికాయంత నారింజ పిండిన రసం. ఊరికే ఇచ్చారు. ఊరికే ఇచ్చేదాని వెనక ఏముంటుందో కొట్టు నడిపేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. గ్లాసు కింద పెట్టేలోపు తేనె సీసాలు, పుప్పొడి డబ్బాలు బల్ల మీదికి వచ్చాయి. అత్తగారు గోరు మీద తేనె చుక్క వేయించుకుని, చెయ్యి వంచి, అది జారుతుందేమోనని చాలాసేపు కనిపెట్టింది. జారలేదు. "అసలైనదే" అంది, ఆశాభంగంతో. రెండో చోట మళ్ళీ టీ, ఈసారి మల్లెపూలది. దాని వెనక కొబ్బరి బిళ్ళలు. మూడో చోట టీతోపాటు పట్టు స్కార్ఫులు. అక్కడ ఆవిడ స్కార్ఫు కుచ్చులోంచి ఒక పోగు లాగి, అగ్గిపెట్టె కావాలని సైగ చేసింది. ఆ షాపమ్మాయి మొహంలో రంగు మారింది. పోగుకి నిప్పంటిస్తే పట్టయితే కాలిన వెంట్రుక వాసన వస్తుందని, మిగతావన్నీ వేరే వాసనలు వేస్తాయని, ఇది మా ఊళ్ళో మామూలేనని మా ఆవిడ గైడుకి వివరించి, గైడు ఆ అమ్మాయికి వివరించి, ఎవరో లైటరు తెచ్చి, పోగు కాల్చి అందరం వంతులవారీగా వాసన చూశాం. పట్టే. "ఇదీ అసలైనదే" అంది అత్తగారు. పొద్దుటినుంచి ఏ మోసమూ దొరక్క ఆవిడ నీరసించిపోయింది. "టీ ఇచ్చారంటే ఏదో అంటగట్టడానికే. ఇంక ఎవరిచ్చినా పుచ్చుకోకండి" అని మాకు గట్టిగా చెప్పింది.

భోజనం తాటాకులాంటి ఆకుల పందిరి కింద. బస్సులోనే మా ఆవిడ, తల్లికి నీచు పనికిరాదని, చేప, మాంసం, గుడ్డు మూడూ పేరుపేరునా చెప్పి గైడు చేత అప్పజెప్పించుకుంది. మా బల్ల మధ్యలో ఒక పెద్ద చేపని పొలుసులతో సహా వేయించి, చట్రానికి నిలువుగా నిలబెట్టారు. నోరు తెరుచుకుని అత్తగారికేసే చూస్తోంది. ఆవిడ కుర్చీ అటు జరుపుకుంది. ఆవిడకి మాత్రం వేరే పళ్ళెం. తడిపిన బియ్యపు రేకులు, సన్న సేమ్యా, దోసకాయ ముక్కలు, ఏవేవో ఆకులు, సోయా పన్నీరు వేపుడు. రేకులో అన్నీ చుట్టుకుని, విడిగా గిన్నెలో తెచ్చిపెట్టే నీళ్ళలో ముంచుకు తినాలి. పూతరేకు తడిస్తే ఎలా ఉంటుందో ఆ రేకు అలా ఉంది. ప్రతి ఆకునీ తుంచి, వాసన చూసి, ఎండకేసి పట్టి చూసి అప్పుడు పళ్ళెంలో పెట్టుకుంది.

మా ఆవిడ, గైడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. అప్పుడు వంటావిడ వచ్చింది. పెద్దావిడ, మా అత్తగారి వయసే. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు చిన్న గిన్నెలు. ఒకదాంట్లో నల్లటి ద్రవం. రెండోదాంట్లో లేత తేనెరంగు నీళ్ళు, అందులో క్యారెట్ తురుము, మిరపకాయ చక్రాలు, తేటగా, అందంగా. ఆవిడ నల్లగిన్నెని అత్తగారి ముందుకి జరిపి, ఎంతో మర్యాదగా, "చాయ్" అంది. అత్తగారు నాకేసి చూసింది. "చూశారా అల్లుడుగారూ, ఇక్కడా టీయే! పైగా చాయ్ అంటోంది. హైదరాబాదు వాళ్ళు తెగ వచ్చిపోతున్నట్టున్నారు" అని, వంటావిడకేసి తిరిగి రెండు చేతులూ ఊపింది. "వద్దమ్మా. నో చాయ్." వంటావిడ తెల్లబోయింది. అత్తగారిని చూపించి, పళ్ళాన్ని చూపించి, "చాయ్? చాయ్?" అంది మళ్ళీ. నేను కూడా కల్పించుకుని, నా చదువంతా ఉపయోగించి, "నో చాయ్. షీ, నో చాయ్" అని స్పష్టంగా చెప్పాను. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నల్లగిన్నె వెనక్కి తీసుకుని, రెండో గిన్నె పెట్టి వెళ్ళిపోయింది. "పాలు కూడా పోయకుండా తెచ్చింది" అంది అత్తగారు.

ఆ తరవాత జరిగింది నేను ఆ ప్రయాణం మొత్తంలో చూసిన అద్భుతం. అత్తగారు రేకు చుట్టింది, గిన్నెలో ముంచింది, కొరికింది. నమలడం ఆపింది. మళ్ళీ ముంచింది. "పులుపు, తీపి, కారం... ఇంకేదో ఉంది. దేనికి దానికి సరిపోయింది" అంది. చేతులు కడుక్కుని వచ్చిన కూతురికి, "ఇదేంటో కనుక్కోవే. ఇంటికెళ్ళి చేస్తాను" అని కూడా చెప్పింది. పొద్దుటినుంచి గట్టిగా బిగించుకున్న కొంగు కాస్త వదులు చేసింది. రెండో గిన్నె అడిగింది. వంటావిడతో నవ్వింది కూడా. మూడు నదుల వెడల్పున్న ఆ నీళ్ళ మధ్య, మా అత్తగారు మొదటిసారి ఒకదాన్ని అనుమానించకుండా పుచ్చుకుంది.

మా ఆవిడ గైడుని అడిగింది, అందులో ఏం వేస్తారని. గైడు మురిసిపోతూ చెప్పింది. నిమ్మరసం, పంచదార, వెల్లుల్లి, మిరపకాయ, చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి దించిన రసం. చెబుతూ చెబుతూ అత్తగారి ముందున్న గిన్నె చూసి ఆగిపోయింది. వంటగదిలోకి పరుగెత్తింది. లోపల రెండు గొంతులు లేచాయి. తిరిగొచ్చి, తప్పంతా మాదేనన్న సంగతిని వీలైనంత మర్యాదగా చెప్పింది. వాళ్ళ భాషలో చాయ్ అంటే శాకాహారం. ఆ నల్లటిది సోయా రసం. ఈవిడకని ప్రత్యేకంగా తెచ్చారు. ఈవిడ రెండు చేతులూ ఊపి తను శాకాహారం తిననని చెప్పింది. పక్కనున్న సారు కూడా అదే చెప్పాడు.

నా దగ్గర ఎలాంటి సందర్భానికైనా ఒక జోకు సిద్ధంగా ఉంటుందని పేరుంది. అప్పుడూ ఉంది. అనలేదు. అత్తగారు గిన్నెకేసి చూస్తోంది. లేచి వెళ్ళి నోరు పుక్కిలించుకుని, మొహం కడుక్కుని వచ్చి, "నాన్నకి ఫోన్ కలుపు" అంది. మా ఆవిడ కలిపింది. రింగవుతోంది, ఎత్తడంలేదు. మళ్ళీ కలిపింది. ఎత్తలేదు. కొట్టు ఫోనుకి చేసింది. అదీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తరవాతది చిన్న పడవ ప్రయాణం. ఫొటోల్లో అందరూ చూసేదే. ఇరుకు కాలువ, రెండు వైపులా నీళ్ళలోంచి మొలిచిన మట్టలు పైన కలుసుకుని పందిరిలా ఉంటాయి, ముందొకరు వెనకొకరు తెడ్డు వేస్తారు, మనకి శంఖులాంటి ఆకుటోపీలు పెడతారు. అత్తగారి నెత్తిన కూడా పెట్టారు. తీసెయ్యాలని ఆవిడకి తోచలేదు. ఆ టోపీ కింద కూర్చుని, మోకాళ్ళ మీద ఫోను పెట్టుకుని, రింగు ఆగిపోయినప్పుడల్లా మళ్ళీ నొక్కుతోంది. "పెళ్ళయినప్పటినుంచీ నేను పిలిస్తే పలక్కుండా ఉన్న మనిషి కాదు" అంది ఎవరితోనో. "అక్కడిప్పుడు భోజనాల వేళండీ, కొట్టు మూసి ఉంటారు" అన్నాను. "భోజనానికి ఫోను అడ్డమా?" అంది. చేపరసానికీ గుండెకీ సంబంధం లేదని నాకు తెలుసు. తెలిసి కూడా నేనూ నా ఫోను తీసి, ఎవరూ చూడకుండా కంకిపాడులో ఉన్న బావమరిదికి, 'నాన్నగారు ఎలా ఉన్నారు' అని మెసేజ్ పెట్టాను. అనుమానం అంటువ్యాధి. ఆ ఇరుకు కాలువలో తప్పించుకునే చోటు కూడా లేదు. మా ఆవిడ తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఎదురుగా వస్తున్న పడవల్లోవాళ్ళు మాకేసి చేతులూపి ఫొటోలు తీసుకున్నారు. ఎవరింట్లోనో ఏదో ఆల్బంలో మేము ముగ్గురం ఇప్పటికీ ఆ మొహాలతోనే ఉంటాం.

పెద్దనదిలోకి వచ్చేముందు ఫోను మోగింది. వీడియో కాల్. మామగారి మొహం తెరంతా నిండిపోయింది, ముక్కుతో సహా.

"ఏమే, అన్నిసార్లు చేశావు? పడవ మునిగిందా?"

"ఒంట్లో ఎలా ఉందండీ? నెప్పేమన్నా వచ్చిందా? చెమటలు పట్టాయా?"

"చెమటలా? మంగళగిరిలో ఉన్నాను కదే, పట్టవూ?"

"ఫోను దగ్గరికి తీసుకోండి. కళ్ళు చూపించండి." ఆయన కళ్ళు చూపించారు. అత్తగారు బాగా చూసింది. "వెనకాల ఆ కుళాయేంటి? మనింట్లో అలాంటిది లేదే?"

తెర ఒక్కసారి పైకప్పుకేసి తిరిగింది. ఎవరో దూరంగా, "బాబాయ్‌గారికి పులుసు వెయ్యి!" అని అరవడం మాకందరికీ వినబడింది.

"మెస్సులో ఉన్నారా?"

"కొట్టు కట్టేసి వచ్చాను. ఫోను సంచీలో ఉండిపోయింది."

అత్తగారు కోప్పడలేదు. దానికే మాకు భయమేసింది. "నేను నీచు తిన్నానండీ" అంది. "తెలీక. చేపరసమట. రెండు గిన్నెలు."

"రెండా!" అన్నారు మామగారు. "బాగుందా?"

"ఏం మాటలండీ అవి!"

"ఉప్పు సరిపోయిందా?"

ఆవిడ నీళ్ళకేసి చూసి, "సరిపోయింది" అంది.

"చూశావా. మనింట్లో సరిపోవట్లేదే. నువ్వు రుచి చూడ్డం మానేసినప్పటినుంచీ పులుసు ఒక వారం చప్పిడి, ఒక వారం సముద్రం. డాక్టరేమో ఉప్పు తగ్గించమన్నాడు. దేవుడేమో నిన్ను రుచి చూడొద్దన్నాడు. మధ్యలో తినేది నేను." ఇక్కడ ఆయన గొంతు తగ్గించారు, పక్కవాళ్ళు వింటారని కాబోలు. "నువ్వు బెంగెట్టుకోకే. మన స్వామి పద్ధతి నీకు తెలీదా? ఎంత పానకం పోసినా సగమే పుచ్చుకుని సగం ప్రసాదమని వెనక్కిస్తాడు. ఏడాదికి మొక్కావు, పది నెలలు అయిపోయింది. ఆయనకి సగంకంటే ఎక్కువే ముట్టింది. నీకే ఇంకా రావాలి."

"దేవుడితో బేరాలేంటండీ!"

"కొట్టువాణ్ణి. ఇంకెలా మాట్లాడమంటావు?"

మా ఆవిడ నవ్వేసింది. నేనూ నవ్వాను. అత్తగారు నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఎక్కడో ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని, "అదంతా నాకు తెలీదు. ఇంటికి రాగానే మళ్ళీ మొదలెడతాను. మొదటినుంచి, ఏడాది" అంది. తెరమీద మామగారి మొహం చూడాలి. ఇంకో ఏడాది ఆయుష్షు దొరికిందని సంతోషించాలో, ఇంకో ఏడాది ఆ పులుసే తినాలని దిగులుపడాలో తేలక, ఆ మొహం అలాగే బిగుసుకుపోయింది. సిగ్నల్ పోయిందనుకున్నాం ముందు.

అన్నమాట ప్రకారమే మళ్ళీ మొదలెట్టింది. పులుసు కాగుతుంటే పక్కింటి పిన్నిగారు వచ్చి ఉప్పు చూసి వెళ్ళేట్టు ఏర్పాటైంది. పిన్నిగారికి బీపీ ఉందని తెలిశాక ఆవిడ నాలుక మీద అత్తగారికి అనుమానం వచ్చింది, అది వేరే కథ. క్రితం నెల ఆ ఏడాది కూడా నిండింది. ఈసారి మధ్యలో ఏ లోపమూ లేదు. పొద్దున్నే కొండకెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చింది. మేమందరం మంగళగిరి వెళ్ళాం. మా ఆవిడ బొమ్మిడాయిలు తెప్పించి పులుసు పెట్టింది. అందరం కింద కూర్చున్నాం. అత్తగారి విస్తట్లో కూడా పులుసు వేశారు. మామగారు ఎదురుగా కూర్చుని, ఏమీ పట్టనట్టు ముద్ద కలుపుకుంటున్నారు. ఆవిడ అన్నంలో చెయ్యి పెట్టింది. ఆయనకేసి చూసింది. ఆయన తింటున్నారు, మునుపటికంటే కాస్త నిదానంగా, అంతే. చూసి చూసి తన విస్తరి మెల్లిగా కూతురి ముందుకి జరిపింది. "ఇంకొన్నాళ్ళు చూద్దాంలే" అంది.

ఎన్నాళ్ళని ఎవరమూ అడగలేదు. మామగారు కూడా. మా పెళ్ళయిన కొత్తలో మాకు ఏడాది అంటే, ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూసేది. ప్రమోషనుకో, పిల్లల బడికో, ఇంటి వాయిదాలు తీరడానికో అది అయిపోతే చాలనుకునేవాళ్ళం. ఒక వయసు దాటాక ఏడాది వాకిట్లోంచి వెళ్ళిపోతుంటే, ఏదో ఒక సాకు చెప్పి, దాని చెయ్యి పట్టుకుని, ఇంకాసేపు కూర్చోమనాలనిపిస్తుంది.